బండి కదలడానికి పెట్టిన సంతకం: ఒక తాపీ పనివాడి మరణ నష్టపరిహార కేసు

2022 మార్చి రెండో వారంలో, హైదరాబాద్ శివారులో కడుతున్న ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ బయటి గోడకు ప్లాస్టరింగ్ చేస్తూ, నాలుగో అంతస్తు ఎత్తున కట్టిన పరంజా పలక జారి ఒక తాపీ పనివాడు కింద పడ్డాడు. దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. నారాయణపేట జిల్లాలోని ఒక తండా ఆయనది. భార్య, పందొమ్మిదేళ్ల పెళ్లికాని కూతురు, పన్నెండేళ్ల కొడుకు, భర్త లేని తల్లి ఆయన సంపాదన మీదే బతికేవారు. ప్రమాదం జరిగిన పదిహేను నెలలకు, 2023 జూన్‌లో, ఆయన భార్యా ఆమె తమ్ముడూ మహబూబ్‌నగర్‌లో న్యాయవాదిగా ఉన్న నా ఆఫీసుకు వచ్చారు.

వాళ్లు నష్టపరిహారం అడగడానికి రాలేదు. నాలుగు మడతలు పడి అంచులు చినిగిన వంద రూపాయల బాండు కాగితం ఒకటి నా ముందు పెట్టి, అందులో రాసిన డబ్బులో యాభై వేలు ఇంకా రాలేదని, వాటిని ఇప్పించగలమా అని అడిగారు. ప్రమాదం జరిగిన రోజు రాత్రి రాసిన కాగితం అది. మృతుడు తన నిర్లక్ష్యం వల్లే కాలు జారి పడ్డాడని, మానవతా దృక్పథంతో కుటుంబానికి 2,00,000 రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకున్నామని, అందులో 1,50,000 ఇప్పుడు ఇచ్చామని, మిగతాది దశదిన కర్మ తర్వాత ఇస్తామని, ఇకపై కుటుంబ సభ్యులు ఏ కోర్టులోనూ ఏ క్లెయిమూ చేయరాదని అందులో ఉంది. కింద భార్య వేలిముద్ర, బావమరిది సంతకం, మేస్త్రీ సంతకం ఉన్నాయి. కట్టడం ఎవరిదో ఆ నిర్మాణ సంస్థ పేరు మాత్రం కాగితంలో ఎక్కడా లేదు.

ఎందుకు సంతకం పెట్టావని ఆ యువకుణ్ణి అడిగాను. అతనూ అదే సైటులో బావతో పాటు పనిచేసినవాడు, పడటం కళ్లారా చూసినవాడు. "బావ శవం బండిల ఉన్నది సార్. సంతకం పెడితేనే బండి కదుల్తదన్నరు. మా అక్క నోట్ల మాట లేదు. పొద్దు పోయింది, తండాల అందరు ఎదురుచూస్తున్నరు. ఏం జేస్త?" అన్నాడు. ఆ రాత్రి అంబులెన్సు కిరాయి, అంత్యక్రియల ఖర్చు ఆ లక్షన్నరలోంచే పోయాయి.

ఇరవై ఏళ్లుగా పాలమూరు కూలీల కేసులు చూస్తున్న నేను ఇలాంటి కాగితాలు చాలా చూశాను. పదాలు కూడా దాదాపు ఒకటే ఉంటాయి. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం, ఆ కాగితం చట్టం ముందు ఎంత బలహీనమో, దాన్ని దాటి కుటుంబానికి రావలసింది రాబట్టడానికి ఎంత చిన్న చిన్న ఆధారాలు పనికొచ్చాయో ఇందులో స్పష్టంగా కనిపించడమే. కుటుంబం ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను.

ఆ కాగితానికి చట్టంలో ఉన్న విలువ

మేం ఇంకా డబ్ల్యూసీ (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్) కేసులనే పిలిచే ఈ కేసులకు 2025 నవంబరు దాకా ఆధారం 1923 నాటి చట్టం. 2010 జనవరి నుంచి దాని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. అందులోని 8వ సెక్షన్ ప్రకారం, పనివాడు చనిపోయిన కేసులో నష్టపరిహారాన్ని యజమాని, ఈ కేసులు విచారించే కమిషనర్ దగ్గర జమ చేయాలి తప్ప నేరుగా కుటుంబం చేతికి ఇవ్వకూడదు. అలా ఇస్తే అది నష్టపరిహారం చెల్లించినట్టు కాదు. ఒక్క మినహాయింపు ఉంది: మూడు నెలల జీతానికి సమానమైన మొత్తాన్ని ముందస్తుగా కుటుంబానికి ఇవ్వవచ్చు, తర్వాత కమిషనర్ దాన్ని మినహాయిస్తారు. ఇక 17వ సెక్షన్ ప్రకారం, చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నట్టు పనివాడు రాసిచ్చిన ఒప్పందం, ఆ మేరకు చెల్లదు. ఈ నియమాలను రాసినవారికి శవం పక్కన జరిగే బేరం ఎలా ఉంటుందో బాగా తెలిసి ఉండాలని నేను ఎప్పుడూ అనుకుంటాను. కుటుంబం తరఫున ఆ రాత్రి ఎవరూ బేరమాడగల స్థితిలో ఉండరు. అందుకే చట్టం ఆ బేరాన్నే గుర్తించలేదు.

యాభై వేల కోసం వచ్చిన ఆ అక్కాతమ్ముళ్లకు, కాగితం మీద లేని ఇంకో మొత్తం ఉందని, అది పదమూడు లక్షల పైచిలుకని చెప్పినప్పుడు వాళ్లు నమ్మలేదు. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "వేలు పెట్టినం గద సార్, మళ్ల అడిగితే తప్పు గాదా?" అని అడిగింది. తప్పు కాదమ్మా, అది మీకు రావలసినదే అని చెప్పడానికి ఆ రోజు సగం పొద్దు పట్టింది.

మొదట చూసుకున్నది గడువు. 10వ సెక్షన్ ప్రకారం మరణించిన నాటి నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషనర్ మన్నించవచ్చు గానీ, ఆ వాదనకు అవకాశం ఇవ్వకపోవడమే మంచిది. మాకు ఇంకా తొమ్మిది నెలలు ఉంది. రెండోది, ఎక్కడ వేయాలన్నది. ప్రమాదం హైదరాబాద్ శివారులో జరిగింది కాబట్టి అక్కడే వేయాలని చాలామంది అనుకుంటారు. 21వ సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారులు మామూలుగా నివసించే ప్రాంతపు కమిషనర్ దగ్గర కూడా వేయవచ్చు. మన రాష్ట్రంలో కార్మిక శాఖ అధికారులే ఈ చట్టం కింద కమిషనర్లుగా వ్యవహరిస్తారు. ప్రతి వాయిదాకు ముసలి తల్లితో హైదరాబాద్ వెళ్లి రావాలంటే బస్సు ఖర్చులూ పోయిన కూలీ కలిపితే కుటుంబం ఆరు నెలల్లో కేసు వదిలేసేది. అందుకే సొంత ప్రాంతంలోనే వేశాం. 2023 ఆగస్టులో వేసిన ఆ దరఖాస్తులో మేస్త్రీ మొదటి ప్రతివాది, నిర్మాణ సంస్థ రెండో ప్రతివాది.

నిర్లక్ష్యం ఎవరిదన్న చర్చలోకి మేం పోలేదు. కాగితంలో "తన నిర్లక్ష్యం వల్లే" అని రాయించుకున్నవాళ్లు అదే తమకు రక్ష అనుకుంటారు. ఈ చట్టంలో చూసేది, ప్రమాదం పనిలో ఉండగా, పని కారణంగా జరిగిందా లేదా అన్నదే, తప్పెవరిదన్నది కాదు. పోలీసులు మేస్త్రీ మనిషి రాసిన ఫిర్యాదు మీద నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 174వ సెక్షన్ కింద అనుమానాస్పద మృతిగా నమోదు చేసి, తర్వాత ప్రమాదంగా మూసేశారు. దాన్ని నిర్లక్ష్యపు మరణం కేసుగా మార్చాలని పోరాడవచ్చు, పోరాడవలసిన కేసులూ ఉంటాయి. ఇక్కడ కుటుంబానికి రెండు పోరాటాలు చేసే శక్తి లేదు. పంచనామాలోనూ పోస్ట్‌మార్టం రిపోర్టులోనూ "కట్టడం మీద పనిచేస్తుండగా ఎత్తు నుంచి పడి" అన్న మాట ఉంది. మాకు కావలసింది ఆ ఒక్క వాక్యం.

యజమాని ఎవరు

అసంఘటిత రంగంలో ప్రతి కేసూ ఈ ప్రశ్న దగ్గరే ఆగుతుంది. నియామక పత్రం ఉండదు, గుర్తింపు కార్డు ఉండదు, మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు ఉండదు. మేస్త్రీ తన కౌంటర్‌లో (దరఖాస్తుకు ఇచ్చిన జవాబులో) మృతుడు తన దగ్గర పనిచేయలేదని, బావమరిదిని చూడటానికి వచ్చి పరంజా ఎక్కాడని రాశాడు. నిర్మాణ సంస్థ తమకు మేస్త్రీతోనే ఒప్పందం ఉందని, ఆయన ఎవరిని తెచ్చుకుంటాడో తమకు సంబంధం లేదని రాసింది.

రెండో వాదనకు 12వ సెక్షన్ జవాబు. తన వ్యాపారంలో మామూలుగా భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన వ్యక్తి, ఆ కాంట్రాక్టర్ పనివాళ్లకు కూడా తన సొంత పనివాళ్లకు చెల్లించినట్టే నష్టపరిహారం చెల్లించాలి. తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవచ్చు. అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మడమే వ్యాపారమైనవారికి ప్లాస్టరింగ్ వ్యాపారంలో భాగమే. సొంత ఇల్లు కట్టుకునే ఉద్యోగి మేస్త్రీకి పని అప్పగిస్తే ఈ సెక్షన్ అంత తేలికగా వర్తించదు, ఎందుకంటే ఇల్లు కట్టడం ఆయన వ్యాపారం కాదు. కనుక ఎవరి కట్టడం, దేనికోసం కడుతున్నారు అన్నది మొదటి రోజే తెలుసుకోవాలి.

ఇక్కడ మాకు అదృష్టవశాత్తు ఒక ఫోటో దొరికింది. ప్రమాదానికి నెల ముందు, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక, బావాబావమరుదులు సైటు గేటు ముందు నిలబడి తీసుకున్న సెల్ఫీ అది. వాళ్ల భుజాల వెనక నిర్మాణ అనుమతి బోర్డు ఉంది. అనుమతి నంబరు సగం కనిపిస్తోంది, సంస్థ పేరు పూర్తిగా కనిపిస్తోంది. దాన్ని పట్టుకుని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో ప్రాజెక్టు వివరాలు తీసాం. ఐదువందల చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కట్టి అమ్మే ప్రాజెక్టులు అక్కడ నమోదు కావాలి కాబట్టి, ప్రమోటర్ ఎవరు, స్థలం ఏది, ఎన్ని ఫ్లాట్లు అన్నవన్నీ అధికారికంగా దొరికాయి. అనుమతి ఫైలు నకలును సమాచార హక్కు చట్టం కింద తీసుకున్నాం.

మొదటి వాదనను కూల్చింది బ్యాంకు స్టేట్‌మెంటు. మృతుడి సామాన్లు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. వాళ్ల అమ్మ దాన్ని మోసుకొచ్చి నా టేబులు మీద పెట్టి తెరిచింది. పైన ఆయన తాపీ. పిడి చెమటకు నల్లబడి, అంచుకు ఇంకా సిమెంటు పట్టి ఉంది. దాని కింద ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు. ఆ పాసుబుక్కులో 2021 దీపావళి తర్వాత నుంచి ప్రతి శనివారం ఫోన్‌పే ద్వారా డబ్బు జమ అవుతూ వచ్చింది. పంపినవారి పేరు మేస్త్రీదే. ఫోన్‌లోని స్క్రీన్‌షాట్లను ఆధారంగా పెట్టాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యం కింద సర్టిఫికెట్ కావాలి, ఆ ఫోను కూడా ప్రమాదంలో పగిలిపోయింది. అందుకే బ్యాంకు నుంచే సర్టిఫై చేసిన స్టేట్‌మెంటు తీసుకుని దాఖలు చేశాం. స్క్రీన్‌షాట్ల మీద గంటలకొద్దీ జరిగే వాదన ఇలా తప్పింది.

మేస్త్రీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ డబ్బు చేబదులు తీర్చినదని చెప్పాడు. మృతుడి దగ్గర అంతకుముందు తాను అవసరానికి తీసుకున్న అప్పును వారం వారం తీర్చానన్నాడు. పద్దెనిమిది వారాల లెక్క అతని ముందు పెట్టాను. పద్నాలుగు శనివారాలు 4,800 రూపాయల చొప్పున, మూడు శనివారాలు 4,000 చొప్పున వచ్చాయి. సంక్రాంతి వారంలో ఏమీ రాలేదు. రోజుకు 800 చొప్పున ఆరు రోజుల కూలీ 4,800. ఒక రోజు నాగా పెడితే 4,000. పండుగకు ఊరెళ్తే సున్నా. అప్పు అయితే ఒక వారం ఎనిమిది వందలు ఎందుకు తగ్గింది, పండుగ వారం ఎందుకు ఆగిపోయింది అని కమిషనరే అడిగారు. అతను జవాబు చెప్పలేదు. ఆ మేస్త్రీ కూడా పక్క ఊరివాడే, పదేళ్ల కింద ఇలాగే తాపీ పట్టినవాడే. అతని మీద నాకు కోపం లేదు. బిల్డర్ చేతిలో ఉన్న పనిని పోగొట్టుకోకూడదని అబద్ధం చెప్పాడు.

వాళ్లు ఇంకో ఎత్తు వేశారు. ఉపాధి హామీ వెబ్‌సైటు నుంచి కుటుంబపు జాబ్ కార్డు వివరాలు తీసి, 2022 ఫిబ్రవరిలో ఆ కార్డు మీద పని దినాలు నమోదయ్యాయని, కాబట్టి ఆయన తండాలోనే ఉన్నాడని వాదించారు. జాబ్ కార్డు కుటుంబానికి ఒకటే అయినా హాజరు సభ్యులవారీగా నమోదవుతుంది. ఆ దినాలు తల్లివి. అదే వెబ్‌సైటులో ఇంకో పేజీ తీసి చూపించాం. కూలీల తరఫున కేసు వేసేవారు ఈ పేజీని అవతలివారికంటే ముందే చూసుకోవడం అవసరం.

ప్రమాద సమయంలో ఆయన కల్లు తాగి ఉన్నాడన్న ఆరోపణ కూడా వచ్చింది. పోస్ట్‌మార్టం రిపోర్టులో అలాంటిదేమీ లేదు. ఉన్నా ఈ కేసులో పనికిరాదు. మత్తులో ఉండటం, భద్రతా నియమాలను కావాలని ఉల్లంఘించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం అనేవి మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ దారితీయని గాయాల విషయంలోనే యజమానికి రక్షణ ఇస్తాయి. 3వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. అయినా చనిపోయిన మనిషి మీద ఆ మాట పడ్డప్పుడు అక్కడే కూర్చున్న ఆ తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తెలుగులో జరుగుతున్న వాదన ఆమెకు సగమే అర్థమవుతుంది. మనవరాలు చెవిలో లంబాడీలో చెబుతూ వచ్చింది. ఆ మాట మాత్రం చెప్పలేదు.

జీతమూ వయసూ

మరణానికి నష్టపరిహారం లెక్క ఇలా ఉంటుంది: నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి నాలుగో షెడ్యూలులో ఇచ్చిన అంకెతో గుణించాలి. జీతం ఎంత ఎక్కువైనా లెక్కకు తీసుకునే పరిమితి 2020 జనవరి 3 నుంచి నెలకు 15,000 రూపాయలు, అంతకుముందు 8,000. కాబట్టి కేసు విలువ రెండు అంకెల మీద ఆధారపడుతుంది, రెండింటి మీదా యజమానులు పోరాడతారు.

ప్రతివాదులు, ఒకవేళ పనివాడని తేలినా, కూలీ రోజుకు 400 అని, నెలకు ఇరవై రోజులే పని ఉంటుందని, అంటే 8,000 రూపాయలే అని వాదించారు. మేం 5వ సెక్షన్ మీద నిలబడ్డాం. ఒకే యజమాని దగ్గర పన్నెండు నెలలు పూర్తికాని ఇలాంటి కేసుల్లో, ప్రమాదానికి ముందు నిరంతరంగా పనిచేసిన కాలంలో సంపాదించిన మొత్తాన్ని ఆ కాలంలోని రోజులతో భాగించి ముప్ఫైతో గుణించాలి. పద్నాలుగు రోజులకు మించని గైర్హాజరు ఆ నిరంతరతను తెంచదు. సంక్రాంతి వారం ఏడు రోజులే. 126 రోజుల్లో 79,200 రూపాయలు, అంటే నెలకు 18,857. పరిమితిని దాటింది కాబట్టి 15,000గా తీసుకోవాలి. నెలకు ఇరవై ఆరు రోజులని వేసి గుణించే అలవాటు మా న్యాయవాదుల్లో చాలామందికి ఉంది. ఆధారం ఉన్నచోట 5వ సెక్షన్ లెక్కే చేయాలి. అవతలి పక్షం ఊహకు ఊహతో జవాబు చెప్పే అవసరం ఉండదు.

వయసు దగ్గర పొరపాటు నాదే. ఆధార్‌లో పుట్టిన తేదీ 1977 జనవరి 1 అని ఉంది. దాన్ని చూసి మొదటి దరఖాస్తులో 45 ఏళ్లని రాశాను. జనవరి 1 అని కనిపించగానే అనుమానించవలసింది. తేదీ తెలియనివాళ్లకు అంచనా వయసు వేసి నమోదు చేసిన ఆధార్లు తండాల్లో కుప్పలుగా ఉంటాయి. ఆయన ఐదో తరగతి దాకా చదివాడని మాటల మధ్య తల్లి చెప్పినప్పుడు పాఠశాలకు వెళ్లి ప్రవేశ రిజిస్టరు చూపించమని అడిగాం. పాత బీరువాలోంచి తీసిన ఆ రిజిస్టరులో పుట్టిన తేదీ 1981 జూన్ అని ఉంది. అంటే ప్రమాదం నాటికి 40 ఏళ్లు నిండాయి. దరఖాస్తును సవరించుకున్నాం. ప్రతివాదులు ఆధార్‌నే పట్టుకున్నారు. వాదనలు ముగిసే దశలో, 2024 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద నష్టపరిహార కేసులో, పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని, పాఠశాల సర్టిఫికెట్‌నే పరిగణించాలని చెప్పింది. దాన్ని మెమోతో దాఖలు చేశాం.

45 ఏళ్లకు షెడ్యూలులోని అంకె 169.44, 40 ఏళ్లకు 184.17. 7,500ను ఈ రెండింటితో గుణిస్తే 12,70,800 ఒకటి, 13,81,275 ఇంకొకటి. ఆ రిజిస్టరులోని ఒక్క వరుస విలువ 1,10,475 రూపాయలు. జీతంలోనూ వయసులోనూ అవతలివారి మాటే నెగ్గి ఉంటే వచ్చేది 6,77,760.

ఆదేశం, ఆ తర్వాత

కమిషనర్ మూడు నెలల్లో నిర్ణయం ఇవ్వాలని 25ఏ సెక్షన్ అంటుంది. మాకు పదిహేను నెలలు పట్టింది. నోటీసులు చేరకపోవడం, కౌంటర్లకు గడువులు, వాయిదాలు. ఆ కాలంలో భార్య పత్తి ఏరడానికి, మిర్చి కోతకు వెళ్లి ఇల్లు నడిపింది, కూతురు చదువు మానేసింది. చట్టం పెట్టిన మూడు నెలల గడువును కట్టుబడవలసిన నియమంగా చూడకపోతే ఈ చట్టం ప్రయోజనం సగం పోతుందన్నది నా గట్టి అభిప్రాయం.

2024 నవంబరులో వచ్చిన ఆదేశంలో కమిషనర్ 13,81,275 రూపాయల నష్టపరిహారాన్ని నిర్ణయించి, ఆ రాత్రి ఇచ్చిన 1,50,000లో మూడు నెలల జీతానికి సమానమైన 56,571ని మాత్రమే ముందస్తుగా గుర్తించి మినహాయించారు. మిగిలింది నష్టపరిహారం కింద చెల్లింపు కాదని స్పష్టంగా రాశారు. ఆ కాగితంలో ముందస్తు అన్న మాటే లేదు కాబట్టి అసలు మినహాయించకూడదని నేను వాదించాను. తర్వాత ఆలోచిస్తే కమిషనర్ చేసింది 8వ సెక్షన్‌కు లోబడే ఉందని ఒప్పుకుంటున్నాను. మిగిలిన 13,24,704 మీద ప్రమాద తేదీ నుంచి జమ చేసే దాకా ఏడాదికి 12 శాతం వడ్డీ, అంత్యక్రియల ఖర్చు 5,000. నష్టపరిహారం ప్రమాదం జరిగిన రోజే చెల్లించవలసినదవుతుందని, కమిషనర్ తేల్చిన రోజు కాదని సుప్రీంకోర్టు 1975లోనే ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో చెప్పింది. ఎడమ చేయి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసు అది.

హైకోర్టుకు వెళతామని నిర్మాణ సంస్థ న్యాయవాది చెప్పారు. వెళ్లవచ్చు, కానీ 30వ సెక్షన్ ప్రకారం యజమాని అప్పీలు వేయాలంటే ఆదేశించిన మొత్తాన్ని ముందు కమిషనర్ దగ్గర జమ చేసి, ఆ సర్టిఫికెట్‌ను అప్పీలుతో జత చేయాలి. పైగా చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉండాలి. జమ చేయకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయడానికి 31వ సెక్షన్ ఉంది. 2025 జనవరి మధ్యలో, ప్రమాదం జరిగిన 34 నెలలకు, సంస్థ 17,80,103 రూపాయలు జమ చేసింది. అందులో వడ్డీయే 4,50,399. అప్పీలు వేయలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఓడిపోయాం. సరైన కారణం లేకుండా చెల్లింపు ఆలస్యం చేస్తే నష్టపరిహారంలో సగం దాకా జరిమానా వేయడానికి 4ఏ సెక్షన్ అనుమతిస్తుంది, ఆ జరిమానా కూడా కుటుంబానికే చెందుతుంది. షోకాజ్ నోటీసుకు సంస్థ, బాధ్యత కాంట్రాక్టర్‌దేనని నిజాయితీగా నమ్మామని జవాబిచ్చింది. కమిషనర్ ఆ వివరణను అంగీకరించారు. నేను అంగీకరించలేను. అపార్ట్‌మెంట్లు కట్టే వ్యాపారంలో ఉన్నవారికి 12వ సెక్షన్ తెలియదనడం కారణం కాజాలదు. పనివాడి హక్కులేమిటో నియామక సమయంలోనే అతనికి తెలియజేయాలని 2017 నుంచి 17ఏ సెక్షన్ యజమానికే బాధ్యత పెట్టింది. అయితే కుటుంబం ఇంకో రెండేళ్లు తిరగడానికి సిద్ధంగా లేదు, వాళ్లను ఒత్తిడి చేసే అధికారం నాకు లేదు.

వాటాల్లో తల్లికీ భార్యకూ కూతురికీ కొంత నేరుగా ఇచ్చి, కొంత వాళ్ల పేర్ల మీదా, కొడుకు వాటా మొత్తం పద్దెనిమిదేళ్లు నిండే దాకా అతని పేరు మీదా జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించారు.

సమాచార హక్కు కింద తెచ్చిన అనుమతి ఫైలులో ఇంకో కాగితం ఉంది. నిర్మాణ వ్యయం మీద 1 శాతం భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు కట్టిన రసీదు అది. ఆ సెస్సు వెళ్లే సంక్షేమ బోర్డులో నమోదైన కార్మికుడు చనిపోతే కుటుంబానికి విడిగా సాయం అందుతుంది. ఏడాదిలో తొంభై రోజులు పనిచేసిన, పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల మధ్య వయసున్న ఎవరైనా నమోదు కావచ్చు. ఈయన పదిహేనేళ్లు తాపీ పట్టి కూడా నమోదు కాలేదు. ఆ సైటులో పనిచేసిన వాళ్లలో కార్డు ఉన్నవాళ్లు ఒక్కరూ లేరని బావమరిది సాక్ష్యంలో చెప్పాడు. కట్టడం పేరున డబ్బు వసూలైంది, కట్టినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా ఎక్కలేదు. బావమరిదిని, అతని ముఠాలోని పదకొండు మందిని తర్వాత మేమే నమోదు చేయించాం.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. లెక్క కట్టే పద్ధతి దాదాపు అదే. ఇంటి నుంచి పనికి వెళ్లి వచ్చే దారిలో జరిగే ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగినట్టే అన్న మాట అందులో కొత్తగా చేరింది. ట్రాలీ ఆటోల్లో కుక్కుకుని అడ్డాకూ సైటుకూ తిరిగే కూలీలకు ఇది చాలా ముఖ్యమైనది. పండుగకు ఊరెళ్లి తిరిగొచ్చే దారిలో జరిగే ప్రమాదాలకు ఇది వర్తిస్తుందా, ఇల్లు అంటే సైటులోని రేకుల గదా, తండానా అన్నది మా తరం న్యాయవాదులు వాదించి తేల్చుకోవలసిందే.

కోడ్‌లు రావడానికి కొన్ని నెలల ముందు, 2025 జూలైలో ఒక రాత్రి ఆ బావమరిది ఫోన్ చేశాడు. మార్చురీ దగ్గర నిలబడి ఉన్నాడు. పక్క సైటులో సెంట్రింగ్ కూలి ఇద్దరి మీద పడింది, ఒకరు చనిపోయారు. "సార్, కాయితం ముందట పెట్టిన్రు. వాళ్లన్న సంతకం పెట్టబోతుంటే ఆపిన. ఏం జేయాలె?" అన్నాడు. బండి కిరాయి అడగమని, ఇచ్చిన డబ్బు ముందస్తు అని మాత్రమే రాసి తీసుకోమని, సైటు బోర్డు ఫోటో తీయమని, చనిపోయిన మనిషి బ్యాంకు పాసుబుక్కు ఎక్కడుందో కనుక్కోమని చెప్పాను. పంచనామాలో ఏ పని చేస్తూ చనిపోయాడో రాయించమన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు ఫోటోలు వచ్చాయి. ఏ మార్గంలో సమాచారం అందినా కమిషనర్ యజమానికి నోటీసు ఇచ్చి ముప్ఫై రోజుల్లో జవాబు కోరవచ్చని 10ఏ సెక్షన్ చెబుతుంది. ఆ ఫోటోలు జతచేసి అదే వారంలో కమిషనర్‌కు లేఖ రాశాను.